‘మీకు బరువైపోయాను’ అన్నప్పుడు...

మన ఇళ్లలో పెద్దవాళ్లు తరచూ అనే మాట ఒకటుంది... ‘ఎవరిచేతా చేయించుకోకుండా పోతే చాలు’ అని. కాలూ చేయీ ఆడుతున్నన్నాళ్లూ అది మాటవరసకు అన్నట్టే ఉంటుంది. మనమూ నవ్వి ఊరుకుంటాం. క్యాన్సర్ ముదిరి, ఇక చేసేదేమీ లేదని డాక్టర్లు చెప్పేసి, మనిషి మంచాన పడ్డాక అదే మాట ఇంకోలా వస్తుంది. ‘మీకు బరువైపోయానమ్మా, ఆ దేవుడు తొందరగా తీసుకుపోయినా బాగుండు’ అంటారు. అప్పుడు మీరేం చేస్తారు? ‘ఛ, అవేం మాటలు నాన్నా’ అంటూ దుప్పటి సర్ది, కళ్లు తుడుచుకుంటూ వంటింట్లోకి వెళ్లిపోతారు. చాలామంది చేసేది అదే.

హాస్పిస్ నర్సులు అలా వెళ్లిపోరు. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంటారు. ‘ఎందుకలా అనిపిస్తోంది?’ అని అడుగుతారు. జబ్బు నయం కాని దశలో నొప్పి, ఆయాసం, వాంతుల వంటి బాధలు తగ్గిస్తూ చివరిదాకా తోడుండే చోటు హాస్పిస్. అక్కడ డాక్టరు వచ్చి చూసి వెళ్తారు. ఎక్కువ గంటలు రోగి దగ్గర గడిపేది నర్సే. ఒళ్లు తుడిచేటప్పుడో, పక్క మార్చేటప్పుడో, ఎవరికీ చెప్పని మాటలు ఆమెకే చెబుతారు.

నీళ్లు ఎందుకు తాగడం లేదు?

‘భారం’ అనే మాట నోటితో అనేవాళ్లు కొందరే. మిగతావాళ్లలో అది పనుల్లో కనిపిస్తుంది. అనుభవమున్న నర్సు ముందు మంచం పక్కనున్న నీళ్ల గ్లాసు చూస్తుంది. పొద్దున నింపింది సాయంత్రానికి అలాగే ఉంటే, పెదాలు ఎండిపోయి మూత్రం ముదురు రంగులో వస్తుంటే ఆమెకు అనుమానం వస్తుంది. జబ్బు ముదిరేకొద్దీ దాహం, ఆకలి వాటంతటవే తగ్గుతాయి, నిజమే. కానీ కొందరు కావాలనే తాగరు. నీళ్లు తాగితే బాత్రూముకు తీసుకెళ్లమనాలి, అర్ధరాత్రి కోడలిని లేపాలి. ఆ మొహమాటానికి దాహం చంపుకొంటారు. నొప్పి ఉన్నా లేదంటారు. మాత్రలు ఖరీదని పూట విడిచి పూట వేసుకుంటారు. ఇంట్లోవాళ్లేమో ‘పాపం, అసలు విసిగించరు’ అని మెచ్చుకుంటుంటారు! నిజానికి అంత బుద్ధిగా ఉన్న రోగి గురించే ఎక్కువ ఆలోచించాలి.

అసలు గుచ్చుకుంటున్నది ఏది?

‘అలాంటిదేం లేదు’ అని కొట్టిపారేస్తే రోగి ఇక ఆ మాట మళ్లీ ఎత్తరు. బాధ మాత్రం లోపలే ఉండిపోతుంది. అందుకే నర్సు ఆ మాటను కాదనదు, ఔననదు. విడదీసి చూస్తుంది. ఒకాయనకు గుచ్చుకుంటున్నది డబ్బు... మనవరాలి చదువుకని దాచింది తన మందులకు పోతోందని. ఒకావిడకు కూతురి ఉద్యోగం గురించి దిగులు. ఇంకొకరికి కోడలు తన మలమూత్రాలు ఎత్తాల్సి రావడం. పైకి అందరూ అనేది ‘భారమైపోయాను’ అన్న ఒక్క మాటే. దానికి మందు మాత్రం ఒకటి కాదు.

చిత్రమేమిటంటే, ఇందులో చాలా భాగానికి పరిష్కారం చిన్న పనుల్లోనే దొరుకుతుంది. మంచం పక్కనే కమోడ్ కుర్చీ పెడితే రాత్రి ఇద్దరు లేవాల్సిన చోట ఒకరితో సరిపోతుంది. మగవారికి యూరిన్ క్యాన్ చేతికందేలా ఉంచితే ఆ ఒక్కరినీ లేపక్కర్లేదు. చెప్పుకోవడానికి అందరూ ఇబ్బందిపడేది ఇంకొకటుంది... పుండు వాసన. తన దగ్గర వాసన వస్తోందని తెలిసిన మనిషి మనవళ్లను కూడా దగ్గరికి రానివ్వడు. పుండు శుభ్రం చేశాక డాక్టరు సలహాతో మెట్రోనిడజోల్ మాత్రను పొడి చేసి చల్లుతారు. వాసన తగ్గితే పిల్లలు మళ్లీ మంచమెక్కి కూర్చుంటారు. ఆ మనిషి ముఖంలో వచ్చే తేడా ఏ పరీక్షలోనూ కనబడదు.

ముట్టుకునే ముందు ‘ఇప్పుడు పక్కకు తిప్పనా?’ అని అడగడం కూడా నర్సులు మరచిపోరు. ఏదీ తన చేతుల్లో లేని మనిషికి ఔననే, కాదనే హక్కు ఒక్కటైనా మిగలాలి కదా.

ఒక కిటికీ కథ

ఈ ఆధునిక హాస్పిస్ సేవలకు పునాది వేసిన సిసిలీ సాండర్స్ కూడా నర్సుగానే మొదలయ్యారు. నడుం నొప్పి వల్ల ఆ పని మానుకుని, లండన్‌లోనే ఆసుపత్రి సామాజిక కార్యకర్తగా చేరారు. అక్కడే డేవిడ్ టాస్మా అనే పోలండ్ శరణార్థి పరిచయమయ్యాడు. వయసు నలభై. నయం కాని క్యాన్సర్. నా అన్నవాళ్లు దగ్గర లేరు. బతికి ఏం సాధించానన్న దిగులు. ప్రశాంతంగా చనిపోయే చోటు ఎలా ఉండాలో ఇద్దరూ మాట్లాడుకునేవారు. 1948లో పోతూ పోతూ అతను 500 పౌండ్లు ఆమెకు రాసిచ్చాడు, ఆమె కట్టబోయే ఇంట్లో ఒక కిటికీ అవుతానని. ఆమె తర్వాత వైద్యం చదివి డాక్టరయ్యారు. 1967లో సెయింట్ క్రిస్టోఫర్స్ హాస్పిస్ తెరిచారు. అతని కిటికీ అక్కడ ఉంది.

తీసుకోవడమే తప్ప ఇవ్వడానికేమీ మిగల్లేదనుకోవడం భారమనే భావనకు పెద్ద కారణం. కెనడా సైకియాట్రిస్టు హార్వే చాచినోవ్ దీని మీదే పనిచేశారు. రోగితో తన జీవితం గురించి, ఇంట్లోవాళ్లకు చెప్పాలనుకున్నవాటి గురించి మాట్లాడించి, రికార్డు చేసి, చక్కగా రాయించి వాళ్లకే ఇస్తారు. అది కుటుంబానికి మిగిలిపోతుంది. 2005లో దీని ఫలితాలు ప్రచురించారు. దీనికి మీ ఫోను చాలు. ఆవకాయ కొలతలైనా సరే, పాత బాకీల లెక్కలైనా సరే... అమ్మ గొంతులో ఉండిపోతాయి.

మన దగ్గర...

అవసరమున్నవారిలో ఈ సేవలు అందుతున్నది సుమారు 14 శాతం మందికేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మన దేశంలో 1986లో ముంబయిలో శాంతి అవేదన సదన్, 1993లో కోజికోడ్‌లో పెయిన్ అండ్ పాలియేటివ్ కేర్ సొసైటీ మొదలయ్యాయి. కేరళలో నర్సులు ఇళ్లకే వెళ్లి చూస్తారు. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ విభాగం, నగరంలో స్పర్శ్ హాస్పిస్ ఉన్నాయి. తెలంగాణ జిల్లాల్లోని ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ కేంద్రాలు పెట్టారు. మీ డాక్టరును ‘పాలియేటివ్ కేర్ ఎక్కడ దొరుకుతుంది?’ అని మీరే అడగండి. అడగకపోతే చెప్పేవాళ్లు తక్కువ.

మార్ఫిన్ పేరు వినగానే అలవాటైపోతుందని, ఇక అదే ఆఖరని భయపడకండి. డాక్టరు చెప్పిన మోతాదులో వాడితే నొప్పి తగ్గి మనిషి మాట్లాడగలుగుతాడు, నిద్రపోగలుగుతాడు. మలబద్ధకం వస్తుంది కాబట్టి దానికీ మందు ఇస్తారు. 2014లో చట్టం సవరించాక, గుర్తింపు పొందిన ఆసుపత్రులు దీన్ని తెప్పించుకోవడం తేలికైంది.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం వద్దు. ‘దేవుడు తీసుకుపోతే బాగుండు’ అనడం వేరు, మాత్రలు పోగుచేయడం, ఎలా పోవాలో ఆలోచిస్తున్నట్టు మాట్లాడటం వేరు. రెండోది కనిపిస్తే మందుల డబ్బా మీ దగ్గర పెట్టుకుని వెంటనే డాక్టరుకు చెప్పండి. చివరి దశలోనూ డిప్రెషన్‌కు చికిత్స ఉంది. టెలి మానస్ 14416కు ఫోన్ చేసినా సలహా ఇస్తారు.

మరి మీరేమనాలి?

‘నాకేం కష్టం లేదు’ అనకండి. రాత్రంతా మీరు లేచిన సంగతి వాళ్లకు తెలుసు, నమ్మరు. ‘అలిసిపోతున్నా నాన్నా, నిజమే. అయినా ఈ పని ఇంకొకరికి వదలాలని లేదు’ అనండి. అది నమ్ముతారు. ఆసుపత్రి బిల్లుల లెక్కలు, సెలవు దొరకలేదన్న గొడవ మంచం పక్కన మాట్లాడకండి. కళ్లు మూసుకున్నవాళ్లంతా నిద్రపోతున్నట్టు కాదు. వారానికి ఒక్క పూటైనా తమ్ముడో ఆడపడుచో వచ్చి కూర్చుంటే మీరు బయటికి వెళ్లండి. హోంకేర్ నర్సులు రోగిని చూశాక, చూసుకుంటున్నవాళ్లను ‘నువ్వు తిన్నావా?’ అని అడగడం వాళ్ల డ్యూటీలో భాగమే. మీరు తిని పడుకున్నారని తెలిసిన రోజు, ఆ గ్లాసులో నీళ్లు కాస్త తగ్గి ఉంటాయి.