కరువుకు దాచిన జొన్న

కృష్ణా తుంగభద్రల నడుమ రాయచూరు పల్లెలు తిండిగింజను నేలలో దాచుకున్న తీరు, ఆ పాతర్లు మూతపడిన వైనం

రాయచూరు జిల్లాకు ఉత్తరాన కృష్ణ, దక్షిణాన తుంగభద్ర. రెండు పెద్ద నదుల మధ్య ఉన్నా ఇక్కడి మెట్ట రైతు తరతరాలుగా చూసింది ఆకాశం వైపే. ఏడాదికి కురిసే వాన 600 మిల్లీమీటర్లకు అటూఇటూ. అదైనా ఒక ఏడు దండిగా, మరో ఏడు అరకొరగా. పండిన ఏటి గింజను ఎండిన ఏటి దాకా నిలపగలిగిన ఇల్లే కరువును దాటేది. 1876–78 నాటి మహాకరువు బళ్లారి, కర్నూలుతో పాటు ఈ ప్రాంతాన్నీ కుదిపేసింది. అలాంటి ఏళ్లు మళ్లీ వస్తాయని తెలిసిన నేల మీద ఇంటింటి ధైర్యం పాతరలో ఉండేది. కన్నడంలో దాన్నే హగేవు అంటారు.

ఈ పద్ధతి వయసు చాలా ఎక్కువ. మహారాష్ట్రలోని ఇనాంగావ్‌లో పురావస్తు శాస్త్రవేత్తలు జరిపిన తవ్వకాల్లో మూడు వేల ఏళ్ల కిందటి ఇళ్ల దగ్గర ధాన్యపు గుంతలు బయటపడ్డాయి. రోమన్ రచయిత వర్రో తన వ్యవసాయ గ్రంథంలో, గాలి తగలకుండా గుంతలో ఉంచిన గోధుమ యాభై ఏళ్లు, చిరుధాన్యం నూరేళ్లకు పైగా నిలుస్తాయని రాశాడు. ఆ లెక్క ఎంత నిజమైనా, గాలిని ఆపితే గింజ నిలుస్తుందన్న గ్రహింపు మాత్రం దక్కనులోనూ, మధ్యధరా తీరంలోనూ ఒకటే.

ఎక్కడ పడితే అక్కడ తవ్వరు

రాయచూరు చుట్టూ ఉన్నది నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు బెత్తెడు వెడల్పున నెర్రెలిస్తుంది. అలాంటి నేలలో పాతర తవ్వితే గోడ నిలవదు. నెర్రెల్లోంచి నీరు, గాలి రెండూ దిగుతాయి. అందుకే నీళ్లు నిలవని మెరక మీద, గట్టి గరుసు తగిలే చోట తవ్వేవారు. ఇంటి ముంగిట, పశువుల కొట్టంలో, కొన్నిచోట్ల ఇంటి లోపలే.

పైన మనిషి దూరేంత మూతి, కింద విశాలమైన పొట్ట. లోతు మనిషి నిలువును మించుతుంది. చిన్న పాతరలో పదుల బస్తాలు, పెద్దదానిలో వంద బస్తాలకు పైగా పట్టేవి. లోపల మంట వేసి గోడలను ఆరబెట్టేవారు. తర్వాత అడుగున, చుట్టూ ఎండు సొప్ప, గడ్డి పేర్చేవారు. గింజ నిండాక పైన మళ్లీ గడ్డి, పొట్టు. దాని మీద బండ. బండ మీద మన్ను వేసి తొక్కి, మట్టితో మెత్తేవారు. ఆ పైన బండ్లు తిరిగినా, పిల్లలు ఆడినా కింద తిండిగింజలున్నట్టు కొత్తవాడికి తెలిసేది కాదు. అగ్గికి, దొంగకు, ఎలుకకు దక్కకుండా ఉండటం పాతరకున్న అదనపు బలం.

పాతరకు తగిన పంట హింగారి, అంటే యాసంగి జొన్న. ఫిబ్రవరి, మార్చి నెలల్లో కోతకొచ్చే ఈ తెల్లజొన్న కళ్లంలోనే ఎండకు గలగలలాడేలా ఆరుతుంది. గింజను పంటి కింద వేస్తే కటుక్కున విరగాలి. అంత ఎండితేనే పాతర మూత వేసేది. కోస్తా డెల్టాలో పాతర పెద్దగా కనిపించకపోవడానికి కారణం ఇందులోనే ఉంది. అక్కడ నాలుగడుగులు తవ్వితే చెమ్మ, ఇంట్లోకి వచ్చేది వడ్లు. కాబట్టి అక్కడి రైతు ధాన్యాన్ని నేలకు ఎత్తుగా, పురిలోనూ గాదెలోనూ నిలిపాడు.

చల్లదనం కాదు, గాలి లేకపోవడం

చలిదేశాల్లో బంగాళాదుంప, క్యారెట్, క్యాబేజీ దాచే నేలమాళిగలు చల్లదనం మీద ఆధారపడతాయి. రాయచూరులో ఆ వీలు లేదు. ఇక్కడ పాతర లోతున కూడా నేల వేడి 28 డిగ్రీలకు దరిదాపుల్లోనే ఉంటుంది. ముక్కుపురుగుకు అది హాయిగా పెరిగే వాతావరణం. మరి గింజ ఎలా నిలిచింది?

మూత పడ్డాక కూడా గింజ ఊపిరి తీస్తూనే ఉంటుంది. దానితో పాటు లోపలికి చేరిన పురుగూ ఊపిరి తీస్తుంది. కొత్త గాలి రాదు కనుక ప్రాణవాయువు తరిగిపోయి, బొగ్గుపులుసు వాయువు పెరుగుతుంది. ప్రాణవాయువు మూడు శాతం కంటే తగ్గితే పురుగు బతకదు. మందు చల్లకుండానే పాతర తనను తాను శుభ్రం చేసుకుంటుంది.

అదే గాలి మనిషికీ ప్రమాదం. పాతర తెరిచిన వెంటనే లోపలికి దిగకూడదన్నది ఊళ్లలో గట్టి కట్టుబాటు. కొంతసేపు తెరిచి ఉంచి, దీపాన్ని తాడుతో దించి చూసేవారు. దీపం ఆరితే ఎవరూ దిగరు.

పాతరకు లోపాలూ ఉన్నాయి. గోడలకు ఆనుకున్న గింజ చెమ్మ పట్టి నల్లబడి, బూజు పట్టేది. బూజు వెంట విషాలు చేరే అవకాశం ఉంది కాబట్టి ఆ పొరను తీసి పారేయడమే సరైన పని. ఎక్కువ కాలం ఉన్న జొన్నకు ఒక ఘాటు వాసన వస్తుంది, మొలక శక్తి పోతుంది. అందుకే విత్తనం ఎప్పుడూ పాతరలోకి పోయేది కాదు. బూడిద, వేపాకు కలిపి కుండలోనో బుట్టలోనో విడిగా ఉంచేవారు. ఇంగ్లండ్‌లోని బట్సర్ ప్రయోగక్షేత్రంలో పీటర్ రేనాల్డ్స్ 1970లలో ఇనుపయుగపు గుంతలను మళ్లీ తవ్వి ధాన్యం నింపి చూశాడు. అక్కడి చలినేలలో మొలక శక్తి చాలావరకు నిలిచింది. రాయచూరు వేడినేలలో మెట్ట రైతు తిండిని, విత్తనాన్ని వేరుచేయడం తన నేల గుణం తెలిసి చేసిన పని.

కాలువ నీళ్లు, వరి బస్తాలు

1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తయింది. ఎడమ కాలువ నీళ్లు సింధనూరు, మాన్వి పొలాలకు చేరాయి. కోస్తా జిల్లాల నుంచి వచ్చిన తెలుగు రైతులు భూములు కొని, ‘క్యాంపు’ల పేరుతో ఊళ్లు కట్టారు. జొన్న చేలు వరిమళ్లయ్యాయి. వడ్లు కళ్లంలోంచి నేరుగా మిల్లుకు వెళ్లే సరుకు. ఇంట్లో ఏళ్ల తరబడి దాచే అవసరం లేదు. కాలువ కింద చాలాచోట్ల నేల ఊటబారి చవుడు తేలింది. చెమ్మెక్కిన నేలలో పాతర పనికిరాదు.

మరోవైపు గిడ్డంగులు, 1965లో ఏర్పడిన భారత ఆహార సంస్థ, రేషను బియ్యం వచ్చాయి. కరువు ఏడాది తిండికి భరోసా ఇంటి ముంగిట నుంచి సర్కారు గోదాముకు మారింది. ఆకలి చావులను ఆపడంలో దాని పాత్ర తక్కువది కాదు. అయితే పళ్లెంలో జొన్నరొట్టె చోటును అన్నం తీసుకుంది. రైతు చేతిలో గింజను ఆపుకునే శక్తి తగ్గింది.

పాత సూత్రం, కొత్త సంచి

గింజను ఆపుకునే శక్తి తగ్గిన నష్టం ధరల్లో కనిపిస్తుంది. 2024–25లో కేంద్రం క్వింటాలు మాల్దండి రకం జొన్నకు రూ.3,421 మద్దతు ధర ప్రకటించింది. అయినా కోత రోజుల్లో అందరి సరుకూ ఒకేసారి మార్కెట్టుకు వచ్చినప్పుడు ధర పడిపోతుంది. నాలుగు నెలలు పురుగు పట్టకుండా ఆపుకోగలిగిన రైతుకే బేరమాడే వీలు.

పాతరలో పనిచేసిన సూత్రమే ఇప్పుడు సంచిగా వచ్చింది. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1980ల చివర్లో కామెరూన్‌లో అలసందల కోసం మూడు పొరల సంచిని రూపొందించారు. లోపల రెండు ప్లాస్టిక్ పొరలు, పైన మామూలు నేత సంచి. మూతి బిగించి కడితే లోపల జరిగేది పాతరలో జరిగినదే. నేల చెమ్మ భయం లేదు, ఎవరూ చీకట్లోకి దిగనక్కర్లేదు. బాగా ఎండిన గింజ ఒక్కటే షరతు.

రాయచూరులోనే వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది. దానిలో వ్యవసాయ ఇంజినీరింగ్ కళాశాల ఉంది. పాతర తవ్వినవాళ్లు, నింపినవాళ్లు, రొట్టె రుచి చూసి గింజ వయసు చెప్పగలిగిన పెద్దలు పల్లెల్లో ఉండగానే ఆ కొలతలు, నేలల వివరాలు ఊరూరా నమోదు కావాలి. దానితో పాటు గాలి చొరని సంచులను రైతు సంఘాలకు, మహిళా సంఘాలకు అందించి, హింగారి జొన్నతో ఒక పంటకాలం పరీక్షించి చూడాలి. కాలువ అందని మెట్టలున్న లింగసుగూరు, దేవదుర్గ తాలూకాల్లో వచ్చే కోతల నాటికే ఈ పని మొదలుపెట్టవచ్చు.