ఇంగ్లండులో నొక దంపతుల సంభాషణము

ఇల్లాలు పగటివేళ టెలివిజను చూచుట కాలము వృథాపుచ్చుటయే యని పెద్దలనుట మనమెఱుగనిది కాదు. అందు సగము సత్యమే. తక్కిన సగము తెలియుటకై రిచర్డ్ మేడ్లీ, జూడీ ఫిన్నిగన్ దంపతుల వృత్తాంతమును మనవి చేయుచున్నాము.

వీరిరువురును మాంచెస్టరులోని గ్రనడా టెలివిజను సంస్థలో పనిచేసినవారు, 1986లో వివాహమాడిరి. 1988 అక్టోబరు 3వ తేదీన లివర్‌పూలు రేవునందలి ఆల్బర్టు డాకునుండి "దిస్ మార్నింగ్" అను కార్యక్రమమును ప్రారంభించిరి. వంటలు, వైద్యము, దుస్తులు, సంసారపు చిక్కులు - ఇవియే యందలి విషయములు. 2001లో దానిని విడిచి, ఆ నవంబరునుండి ఛానల్ ఫోర్‌లో సాయంకాలము 5 గంటలకు తమ పేరిటనే మఱియొకటి నడపిరి. భర్త మాటకారి, ఒక్కొక్కప్పుడు హద్దుమీఱును. భార్య నడుమ నడ్డుతగిలి సరిదిద్దును. ఎఱిగిన యింటి మాటలవలె నుండుటచేతనే కాబోలు జనులు చెవియొగ్గిరి.

మాకు మిక్కిలి నచ్చినది 2004లో వారారంభించిన పుస్తకగోష్ఠి. వారమున కొక గ్రంథమును గూర్చి ముచ్చటించెడివారు. జోసెఫ్ ఓకానర్ రచించిన "స్టార్ ఆఫ్ ది సీ" యను నవల 1847లో క్షామపీడితులగు ఐర్లండువారిని అమెరికాకు గొనిపోవు నోడ కథ. అంతవఱకు కొలదిమందియే చదివిన యా నవల గోష్ఠిలో ప్రశంస నందినంతనే విరివిగా నమ్ముడుపోయెను. మఱుసటి యేడు, ఆఱు కథల నొకదానిలో నొకటి యిమిడ్చిన డేవిడ్ మిచెల్ నవల "క్లౌడ్ అట్లాస్"ను గూడ చేర్చిరి. అది సులభమైన గ్రంథము కాదు. గృహిణులకిది కొఱుకుడుపడునా యని వారు జంకలేదు. ఆడుదానికి మేఘసందేశ మెందులకని మా బాల్యమున ప్రశ్నించినవారు దీనిని జూచి యేమందురో!

అయినను ఆ విశ్వాసమునకే యొకచో దెబ్బతగిలెను. కార్యక్రమమున "యూ సే వియ్ పే" యను బహుమానపు పోటీ యుండెను. ఫోను చేసినవారి కొక్కొక పిలుపునకు 1 పౌండు ఖర్చు. పోటీకి రాదగినవారి నప్పటికే యేఱియుంచియు, ఇంకను ఫోను చేయుడని ప్రేక్షకులను కోరుచుండిరని 2007 ఫిబ్రవరిలో బయటపడెను. దంపతులు తామును నిర్ఘాంతపోయితిమనిరి. ఆఫ్‌కామ్ అను ప్రసారనియంత్రణ సంస్థ యీ పోటీ విషయమై ఛానల్ ఫోర్‌కు 10 లక్షల పౌండ్ల జరిమానా విధించెను. ఒక్క పౌండేకదా యని కొందఱందురు. ఇంటిఖర్చులో మిగిల్చిన పౌండు విలువ ఇల్లాలికే తెలియును.

2008 ఆగస్టుతో ఛానల్ ఫోర్‌లో వారి కార్యక్రమము ముగిసెను. పుస్తకగోష్ఠి మాత్రము 2010లో పుస్తకములమ్ము అంగళ్లయందు మరల మొదలయ్యెను. ఈ తూరి టెలివిజను లేకయే.