ఎ అంటే సున్నా, మరి ఎన్ అంటే?

హైదరాబాద్‌లోని డీఎన్‌ఏ పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీ ఒకప్పుడు నాచారంలో, ఈసీఐఎల్ రోడ్డు మీద ఉండేది. ఇప్పుడు ఉప్పల్‌లో, ఇన్నర్ రింగ్ రోడ్డు మీదికి వచ్చింది. ఆ పేరు వినగానే గుర్తొచ్చేది డీఎన్‌ఏ వేలిముద్ర. వేలిముద్ర అన్నారు కదా అని బొమ్మ అనుకుంటాం. నిజానికి అది అంకెల జాబితా. ఎ, సి, జి, టి అనే నాలుగు అక్షరాలతో రాసే డీఎన్‌ఏలో కొన్ని చోట్ల ఒక చిన్న ముక్కే మళ్లీ మళ్లీ వస్తుంది. టీహెచ్‌01 అనే చోట ఆ ముక్క ‘ఎఎటిజి’. తల్లి వైపు నుంచి 6 సార్లు, తండ్రి వైపు నుంచి 9 సార్లు వచ్చి ఉంటే ముద్ర ‘6, 9’. ఒక్కోసారి ‘9.3’ అనీ పడుతుంది. అది దశాంశం కాదు! 9 పూర్తి ముక్కలు, మధ్యలో 3 అక్షరాల తునక ఒకటి.

వేలిముద్రకు ఇలాంటి చోట్లు కొన్ని చాలు. మనిషి జన్యుక్రమం మొత్తమైతే దాదాపు 310 కోట్ల అక్షరాలు. వాటితో లెక్కలు చేయాలంటే పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో ముందు ఒక డిక్షనరీ రాసుకుంటారు: ఎ 0, సి 1, జి 2, టి 3. డీఎన్‌ఏలో ఎకి టి, సికి జి జంట. ఏ జంటను కూడినా 3. కాబట్టి ఎదుటి పోగు కావాలంటే 3లోంచి తీసేస్తే సరి: ‘ఎటిజి’ 0, 3, 2 అయితే దాని జోడీ 3, 0, 1, అంటే ‘టిఎసి’. మూడక్షరాల మాటలు మొత్తం 64. వాటిలో ‘ఎటిజి’ సంఖ్య 0×16 + 3×4 + 2 = 14. అక్షరానికి 8 బిట్లు పట్టే చోట 2 బిట్లు చాలు కనుక 3.1 జీబీ ఫైలు 775 ఎంబీకి దిగుతుంది.

సంగీతం నేర్చుకున్నవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. అక్షరాలకు అంకెలిచ్చే కటపయాదిలో మ 5, చ 6, తిరగేస్తే మేచకల్యాణి 65వ మేళకర్త. కాకపోతే అక్కడ 1 అంటే క, ట, ప, య ఏదైనా కావచ్చు. అంకె నుంచి అక్షరం వెనక్కి రాదు. ఇక్కడ వస్తుంది.

చిక్కల్లా ‘ఎన్’తో. చదవడం కుదరని అక్షరానికి అదే గుర్తు. డిక్షనరీలో అది లేకపోతే ‘కీ ఎర్రర్’ అని ప్రోగ్రాము ఆగిపోతుంది. విసుగొచ్చి ‘లేకపోతే 0 వేసుకో’ అని రాస్తే హాయిగా నడుస్తుంది. కానీ 0 అంటే ఎ కదా! పైగా చాలా జన్యుక్రమం ఫైళ్లలో, పదేపదే వచ్చే భాగాలను చిన్నబడి అక్షరాల్లో రాస్తారు. మనిషి క్రమంలో అవి సుమారు సగం. డిక్షనరీలో అవీ లేవు కనుక చిన్నబడి ‘ఎటిజి’కి 14 రావాల్సింది 0 వస్తుంది, అంటే ‘ఎఎఎ’. మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం చోట లైసిన్. నా మట్టుకు ఆగిపోయిన ప్రోగ్రామే నయం.

ముందే అంతా పెద్దబడిలోకి మార్చి, ఎన్‌కి 4 ఇవ్వచ్చు. అప్పుడు 2 బిట్లు చాలవు. అందుకే టూబిట్ అనే ఫైలు పద్ధతిలో ఎన్‌లు ఎక్కడ మొదలై ఎంత పొడవు సాగాయో విడిగా రాసి పెడతారు. అందులో వరస కూడా వేరు: టి 0, సి 1, ఎ 2, జి 3. అక్కడ 3లోంచి తీసేసే చిట్కా పనిచేయదు.