అద్దాల ఇంట్లో ఒక అమానతు

రంజాన్ మాసంలో ఉపవాసం విరమించే ఖర్జూరం, వంటింట్లోని కొబ్బరికాయ, భోజనానంతరం నమిలే పోకచెక్క, వేసవిలో పిల్లలు ఇష్టపడే తాటిముంజ, కుర్చీలు అల్లే పేము, పామాయిలు... ఇవన్నీ ఒకే వృక్ష కుటుంబపు కానుకలు. వెచ్చని నేలలనే ఇల్లుగా చేసుకున్న ఈ తాళ కుటుంబానికి, మంచు కురిసే లండన్ నగరంలో ఒక ప్రత్యేక గృహం ఉంది. థేమ్స్ నది సమీపాన, క్యూ ఉద్యానవనంలోని పామ్ హౌస్ అది.

దీని నిర్మాణం 1844లో ఆరంభమై 1848లో పూర్తయింది. వాస్తుశిల్పి డెసిమస్ బర్టన్, డబ్లిన్‌కు చెందిన ఇనుప పనుల నిపుణుడు రిచర్డ్ టర్నర్ దీని రూపకర్తలు. చెట్లు స్వేచ్ఛగా పెరగాలంటే నడుమ స్తంభాలు తక్కువగా ఉండాలి. అందుకని ఓడల నిర్మాణంలో వాడే ఇనుప దూలాల పద్ధతిని ఇక్కడికి తెచ్చి, వంపు తిరిగిన కమానులుగా మలిచారు. భవనం పొడవు సుమారు 110 మీటర్లు, మధ్యభాగం ఎత్తు సుమారు 20 మీటర్లు. పైకప్పుకు, గోడలకు కలిపి దాదాపు 16,000 గాజు పలకలు అమర్చారు. తొలినాళ్ళలో నేలమాళిగలోని బొగ్గు కొలుములు లోపలికి వేడినందించేవి. వాటి పొగ భూగర్భ సొరంగం గుండా దూరాన ఉన్న గోపురానికి చేరి, అక్కడి నుండి ఆకాశంలో కలిసేది.

బయటి చలి నుండి లోనికి అడుగుపెట్టిన వారి కళ్ళజోళ్ళు తేమకు మసకబారుతాయి. దక్షిణ భాగంలో ఆఫ్రికా, మధ్యలో అమెరికా ఖండాలు, ఉత్తరాన ఆసియా, ఆస్ట్రేలియా, పసిఫిక్ దీవుల మొక్కలు కొలువుతీరి ఉంటాయి. చుట్లు తిరిగే ఇనుప మెట్లెక్కితే చెట్ల తలలు కనుల ముందుకు వస్తాయి. మన ఊళ్ళలో కొబ్బరికాయలు దింపేవారు మాత్రమే చూసే దృశ్యం అది.

ఈ గృహంలో అందరూ తప్పక చూసేది, దక్షిణాఫ్రికా నుండి వచ్చిన ఒక సైకడ్ వృక్షం. తాటిచెట్టును పోలి ఉన్నా ఇది ఆ కుటుంబానికి చెందదు. అంతకంటే ప్రాచీనమైన జాతి. ఫ్రాన్సిస్ మాసన్ అనే వృక్ష సేకర్త దీనిని 1775లో క్యూకు చేర్చాడు. అంటే, ఇల్లు పూర్తి కావడానికి 73 సంవత్సరాల ముందే నివాసి వచ్చాడన్నమాట! పూలకు బదులు ఈ జాతికి వచ్చే శంకువు క్యూలో ఒక్కసారి, 1819లో మాత్రమే కనిపించింది. ఇంత కాలంగా ఈ వృక్షం కుండీలోనే జీవిస్తోంది. అడవిలోని చెట్టు వానను తానే పొందుతుంది, వేళ్ళతో నీటిని తానే వెదకుతుంది. కుండీలోని చెట్టుకు ఆ అవకాశం లేదు. కొద్ది రోజులు ఎవరూ నీరు పోయకుంటే దాని కథ ముగిసేది. తెచ్చిన మాసన్ పేరు చరిత్రలో నిలిచింది. తరతరాలుగా నీరు పోసిన చేతుల పేర్లు మనకు తెలియవు. అయినా ఆ వృక్షం నేడు పచ్చగా ఉన్నది ఆ చేతుల వల్లనే.

ఈ భవనంలోనే మన పెరటి పరిచయస్తురాలు ఒకటి ఉంది. అదే బిళ్ళ గన్నేరు. దాని స్వస్థలం మడగాస్కర్ ద్వీపం. దీని నుండి తీసిన విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ ఔషధాలను రక్త క్యాన్సర్‌తో సహా పలు క్యాన్సర్ల చికిత్సలో వాడుతున్నారు. ఎందరో పసిపిల్లల ప్రాణాలు నిలిపిన మొక్క ఇది. అయితే ఆ ఔషధాల లాభంలో మడగాస్కర్ ప్రజలకు న్యాయమైన వాటా దక్కలేదన్న విమర్శ కూడా ఉంది.

రబ్బరు చెట్టు కథ కూడా ఇటువంటిదే. 1876లో హెన్రీ వికమ్ అమెజాన్ ప్రాంతం నుండి సుమారు 70,000 గింజలను క్యూకు తెచ్చాడు. వాటిలో మొలకెత్తినవి కొన్ని వేలే. ఆ నారును సిలోన్‌కు, తరువాత సింగపూర్‌కు పంపారు. ఆసియాలో విస్తారమైన తోటలు వెలిశాయి, బ్రెజిల్ రబ్బరు వ్యాపారం మాత్రం కుప్పకూలింది. ఆ చెట్టు నీడన నిలిచినప్పుడు దాని పచ్చదనాన్నీ, దాని వెనుకనున్న రాజ్యకాంక్షనూ రెంటినీ గుర్తించడమే న్యాయం.

ఇంతటి భవనానికీ హద్దులున్నాయి. గాజు కప్పును తాకేంతగా ఎదిగిన తాళవృక్షాన్ని నరకక తప్పదు. తుప్పు పట్టిన ఇనుమును మరమ్మతు చేయడానికి 1984 నుండి 1988 వరకు మొక్కలను తరలించి, భవనాన్ని పునరుద్ధరించవలసి వచ్చింది. ఒక అడవి ఏ ఖర్చూ లేకుండా చేసే పనిని, ఇక్కడ మనుషులు ఇంధనంతో, శ్రమతో, నిరంతర జాగరూకతతో చేస్తున్నారు. అడవి విలువ ఎంతటిదో ఈ లెక్కే చెబుతుంది.

సొంత నేలకు దూరమైన ప్రతి ప్రాణీ దానిని తెచ్చుకున్న వారి వద్ద ఒక అమానతు. తెచ్చుకోవడం ఒక్కనాటి పని, కాపాడటం తరాల పని. అక్కడికి వెళ్ళగలిగిన వారు పిల్లలకు మొక్కల పేర్లతో పాటు వాటి స్వస్థలాలను కూడా చదివి వినిపించండి. వెళ్ళలేని వారు పెరట్లోని బిళ్ళ గన్నేరు నుండే మొదలుపెట్టవచ్చు. ఇది ఎక్కడి నుండి వచ్చింది, ఎవరికి మేలు చేసింది, ఈ రోజు దీనికి నీరు పోయవలసినది ఎవరు? పిల్లలు ఈ మూడు ప్రశ్నలు అడగడం నేర్చుకుంటే చాలు.