వదులైన కృత్రిమ మోకాలు: మళ్లీ కోసే ముందు తేలాల్సిన సంగతి

మోకాలి మార్పిడి జరిగి ఏడాది దాటింది. కుట్లు మానాయి, వంకర పోయింది, ఎక్స్‌రేలో లోహపు భాగాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. అయినా మెట్లు దిగేటప్పుడు ఆ కాలిమీద బరువు వెయ్యాలంటే భయం. కుర్చీలోంచి లేవాలంటే చేతులు ఆనించాలి. కాస్త ఎక్కువ నడిస్తే సాయంత్రానికి మోకాలిలో నీరు చేరుతుంది. ఇలాంటి రోగికి రెండు రకాల సమాధానాలు ఎదురవుతుంటాయి. ఎక్స్‌రే బాగుంది, పోనుపోను అలవాటవుతుందని ఒకరంటారు. కీలు వదులైంది, మళ్లీ మార్చేద్దామని ఇంకొకరంటారు. రెండూ తొందరపాటు మాటలే. రివిజన్ ఆపరేషన్, అంటే పెట్టిన కీలును మళ్లీ మార్చడం, చెయ్యాలా వద్దా అన్నది నొప్పి ఎంతుందో చూసి తేల్చే విషయం కాదు. కీలు ఏ భంగిమలో, ఏ దిక్కుకు, ఎందువల్ల వదులైందో సర్జన్ కచ్చితంగా చెప్పగలగాలి. ఆ కారణం దొరికితే రెండో ఆపరేషన్‌కు అర్థం ఉంటుంది, దొరకకపోతే ఎంత బాధ ఉన్నా కత్తి పట్టకూడదన్నదే ఈ వ్యాసంలో నా వాదన.

సహజమైన మోకాలిని పట్టి ఉంచేది ఎముకల ఆకారంకన్నా ఎక్కువగా లిగమెంట్లు. లోపలి పక్క ఒకటి, బయటి పక్క ఒకటి, మధ్యలో ఒకదాన్నొకటి దాటుతూ సాగే క్రూసియేట్లు రెండు. మార్పిడి ఆపరేషన్‌లో ముందు క్రూసియేట్‌ను సాధారణంగా తీసేస్తారు. వెనక క్రూసియేట్‌ను కొన్ని డిజైన్లలో ఉంచుతారు. కొన్నింటిలో దాన్నీ తీసేసి, దాని పనిని ప్లాస్టిక్ పలక మధ్యలో ఉండే చిన్న దిమ్మెకు అప్పగిస్తారు. న్యూయార్క్‌లోని హాస్పిటల్ ఫర్ స్పెషల్ సర్జరీలో జాన్ ఇన్సాల్, ఆల్బర్ట్ బర్‌స్టీన్ 1978లో తెచ్చిన కీలుతో ఈ దిమ్మె పద్ధతి బాగా వ్యాపించింది. ఏ డిజైన్ అయినా అమరిక ఒకటే: తొడ ఎముక చివరన లోహపు తొడుగు, ముంగాలి ఎముక మీద లోహపు పళ్లెం, రెండింటి నడుమ పాలిథిలిన్ ప్లాస్టిక్ పలక. కాలు చాపినప్పుడు తొడ ఎముక కింది భాగం ఆ పలకమీద ఆనుతుంది, ముడిచినప్పుడు అదే ఎముక వెనక వైపు గుండ్రటి భాగం ఆనుతుంది. కాబట్టి సర్జన్ సరిచూసుకోవాల్సిన ఖాళీలు రెండు, చాపినప్పటిది, ముడిచినప్పటిది. అవి సమానంగా ఉంటేనే ఒకే మందం పలక రెండు భంగిమల్లోనూ లిగమెంట్లను తగినంత బిగువులో ఉంచుతుంది. వెనక గుండ్రటి భాగాన్ని అవసరానికి మించి కోసినా, తొడుగు ఒక సైజు చిన్నదైనా, ముంగాలి ఎముకను వెనక్కి మరీ వాలుగా కోసినా ముడిచినప్పటి ఖాళీ పెరిగిపోతుంది. వెనక క్రూసియేట్‌ను ఉంచిన కీలులో అది కొన్నేళ్లకు సాగిపోయినా ఇదే ఫలితం.

కాలు చాపినప్పుడు పక్కకు ఊగే మోకాలిని గుర్తించడం కష్టం కాదు. నిలబడితేనే కాలు పక్కకు వాలడం కంటికి కనిపిస్తుంది. ముడిచినప్పుడు మాత్రమే వదులయ్యే మోకాలే అందరినీ తికమక పెడుతుంది. దాని లక్షణాలు చిత్రంగా ఉంటాయి. రోగి కింద పడడు, కాలు మడతపడిపోయిందనీ చెప్పడు. కాలిమీద నమ్మకం లేదంటాడు. మోకాలి ముందు భాగంలో, లోపలి పక్క కాస్త కిందుగా కండరాల స్నాయువులు అతుక్కునే చోట నొప్పి అంటాడు. వాపు వస్తూ పోతూ ఉంటుంది. మామూలు ఎక్స్‌రే నిలబెట్టి, కాలు చాపించి తీస్తారు, ఆ భంగిమలో ఈ కీలు బిగుతుగానే ఉంటుంది కాబట్టి లోపం అందులో కనిపించదు. రోగిని బల్ల అంచున కూర్చోబెట్టి, కాళ్లు వేలాడదీసి, పాదాన్ని తన మోకాళ్ల మధ్య పట్టుకుని ముంగాలిని ముందుకు లాగి చూసిన డాక్టరుకే అది చేతికి తెలుస్తుంది. పీటమీద, తక్కువ ఎత్తు మంచంమీద కూర్చుని లేచే అలవాటున్న మన ఇళ్లలో ఈ లోపం రోజుకు పదిసార్లు బయటపడుతుంది. అందుకే ఎక్స్‌రే చూసి అంతా బాగుందని పంపించడం, ముఖ్యంగా కాలు ముడిచి పరీక్షించకుండా పంపించడం, నాకు పెద్ద అన్యాయంగా కనిపిస్తుంది.

కారణం తెలియాలన్న పట్టుదల వెనక ఆధారం ఉంది. ఎక్స్‌రేలో ఏ లోపమూ కనిపించని, నొప్పి ఎందుకో అంతుపట్టని కృత్రిమ మోకాళ్లను తెరిచి చూస్తే ఏమవుతుందో మైకెల్ మాంట్, సహచరులు 1996లో ప్రచురించారు. అలా ఆపరేషన్ చేసిన 27 మోకాళ్లలో మంచి ఫలితం వచ్చినవి 41 శాతమే. మిగతావారు రెండో కోత బాధను భరించి దాదాపు ఉన్నచోటే మిగిలారు. రెండేళ్ల తర్వాత, 1998లో, మాయో క్లినిక్‌కు చెందిన మార్క్ పగ్నానో బృందం దీనికి భిన్నమైన గుంపును పరిశీలించింది. వెనక క్రూసియేట్‌ను ఉంచిన కీళ్లలో, కాలు ముడిచినప్పుడు వదులవుతున్నాయని పరీక్షలో తేలిన 25 మోకాళ్లు అవి. అందులో 22 మోకాళ్లకు ఖాళీలు సరిచేసి దిమ్మె ఉన్న కీలు అమర్చితే 19 మెరుగుపడ్డాయి. రెండు గుంపుల్లోనూ రోగుల బాధ నిజమైనదే, కత్తి పట్టినవాళ్లూ అనుభవజ్ఞులే. రెండో గుంపులో సరిచెయ్యాల్సిన లోపం ఏదో ముందే తెలుసు. ఇవి చిన్న అధ్యయనాలనీ, చీటీలు వేసి రోగులను రెండు జట్లుగా విడదీసి చేసినవి కావనీ అభ్యంతరం చెప్పవచ్చు. అది న్యాయమైన మాటే, ఆ శాతాలను ఇవాళ్టి ఆసుపత్రికి యథాతథంగా అన్వయించకూడదు. అయితే ఆ తర్వాతి సర్జన్ల అనుభవమూ అదే దిక్కును చూపిస్తోంది: అంతుపట్టని నొప్పికి చేసే రివిజన్లు, కారణం తేలిన రివిజన్లంత బాగా ఫలించవు.

కారణాన్ని వెతికేటప్పుడు మొట్టమొదట తేల్చాల్సింది ఇన్ఫెక్షన్ సంగతి. మెల్లగా సాగే ఇన్ఫెక్షన్ జ్వరం లేకుండా, ఎరుపెక్కకుండా, వట్టి వాపూ నొప్పీగానే ఏళ్ల తరబడి ఉండగలదు. లోపల ఇన్ఫెక్షన్ ఉండగా వదులుతనం సరిచెయ్యాలని కొత్త కీలు పెడితే ఆ కొత్తదీ పోతుంది. రక్తంలో ఇన్‌ఫ్లమేషన్‌ను సూచించే ఈఎస్ఆర్, సీఆర్పీ చూడటం మొదటి మెట్టు. అనుమానం మిగిలితే కీలులోంచి నీరు తీసి పరీక్షించాలి. ఆపరేషన్ జరిగి చాలాకాలమైన మోకాలిలో ఆ నీటిలో మైక్రోలీటరుకు 3,000కు మించి తెల్లకణాలు, వాటిలో 80 శాతానికి పైగా న్యూట్రోఫిల్స్ ఉంటే ఇన్ఫెక్షన్ అన్న అనుమానం బలపడుతుంది. వాపు కనిపించగానే మందుల షాపులో యాంటీబయాటిక్ బిళ్లలు కొని వేసుకోవడం మన దగ్గర మామూలైపోయింది. ఆ బిళ్లలు క్రిమిని చంపకుండా కల్చర్‌లో కనిపించకుండా మాత్రం చేస్తాయి, అందుకే పరీక్షకు ముందు వీలైతే రెండు వారాలు వాటిని ఆపమంటారు. ఇన్ఫెక్షన్ లేదని తేలాక తుంటి కీలునూ నడుమునూ కూడా చూడాలి, అక్కడి నొప్పి మోకాలిలో పలకడం అరుదేమీ కాదు. ఆ తర్వాత తొడుగు, పళ్లెం మెలితిరిగి కూర్చున్నాయేమో సీటీ స్కాన్‌తో కొలవాలి. ఆపరేషన్‌కు ముందు తీసిన పాత ఎక్స్‌రేలు దొరికితే వెనక గుండ్రటి భాగం ఎంత పోయిందో పోల్చి చూడవచ్చు.

ఇంత వెతుకులాట ఎందుకు, మధ్యలో ఉన్న ప్లాస్టిక్ పలకను తీసి కాస్త మందంగా ఉన్నది పెడితే బిగుసుకోదా అని చాలామంది అడుగుతారు. చిన్న ఆపరేషన్, తక్కువ ఖర్చు, త్వరగా కోలుకోవడం అన్నవి అందులోని ఆకర్షణ. ఒక లెక్క వేసి చూద్దాం. చాపినప్పటి ఖాళీ 10 మిల్లీమీటర్లు, ముడిచినప్పటిది 14 అనుకోండి. 10 మిల్లీమీటర్ల పలక ముడిచినప్పుడు ఊగుతుంది. 14 పెడితే ముడిచినప్పుడు సరిపోతుంది గానీ ఆ కాలు ఇక పూర్తిగా చాపలేరు. మూతి వెడల్పు వేరువేరుగా ఉన్న రెండు సీసాలకు ఒకే బిరడా పెట్టబోవడం లాంటిది ఇది. పగ్నానో బృందం పలక మాత్రమే మార్చిన మోకాళ్లు మూడు, మెరుగుపడింది ఒక్కటే. మూడంటే చిన్న సంఖ్యే అయినా లెక్క చెప్పేదీ అదే. రెండు ఖాళీలూ ఒకే మేరకు వదులై, లోహపు భాగాలు సరైన కోణంలో గట్టిగా అతుక్కుని ఉండి, పలక మాత్రమే అరిగిపోయిన మోకాలికైతే పలక మార్పిడి సరైన చికిత్సే. అలాంటివి తక్కువ. అసమానమైన ఖాళీలను సరిచెయ్యాలంటే ముంగాలి ఎముక వాలు తగ్గించాలి, తొడుగును పెద్ద సైజుకు మార్చి వెనక కోల్పోయిన మందాన్ని లోహపు దిమ్మలతో నింపాలి. అంటే అతికిన కీలును ఊడదీయాల్సిందే.

వ్యాయామంతో సరిపెట్టుకోవచ్చు కదా అన్న మాటకు మొదటి ఏడాదిలో బలముంది. మార్పిడి ఆపరేషన్ తర్వాత నెలకు తొడ ముందు కండరం బలం, ఆపరేషన్‌కు ముందున్న దానితో పోలిస్తే సగటున 62 శాతం తగ్గినట్టు అమెరికాలో రయాన్ మిజ్నర్ బృందం 2005లో కొలిచి చూపింది. ఆ బలాన్ని తిరిగి తెచ్చుకోని మోకాలు, ఖాళీలన్నీ సరిగ్గా ఉన్నా, వదులుగానే అనిపిస్తుంది. అందుకని కొన్ని నెలలు పద్ధతిగా ఫిజియోథెరపీ చెయ్యనిదే స్వల్పమైన వదులుతనానికి రివిజన్ మాట ఎత్తకూడదు. ఆలస్యమైతే ఎముక పాడవదా అన్న భయం మాత్రం అన్ని మోకాళ్లకూ ఒకేలా వర్తించదు. కీలు తొలగిపోతున్నా, లోపలి పక్క లిగమెంట్ తెగినా, లోహం ఎముకనుంచి ఊడినా ఆగకూడదు, రోజులు గడిచేకొద్దీ ఎముక నష్టం పెరుగుతుంది. కీలు గట్టిగా అతుక్కుని, ముడిచినప్పుడు మాత్రమే కాస్త ఊగుతుంటే ఆరు నెలలు ఆగి, మధ్యమధ్య ఎక్స్‌రేతో గమనించుకుంటే పోయేదేమీ లేదు.

మళ్లీ కొయ్యక తప్పదని తేలాక ఇంకో ఆశ ముందుకొస్తుంది: ఊగడానికే వీల్లేని గట్టి కీలు, బందు కీలు లాంటిది, పెట్టేస్తే సరిపోదా? లిగమెంట్లు పూర్తిగా పోయినవారికి, మరీ పెద్ద వయసువారికి అదే దిక్కు కావచ్చు. కానీ లిగమెంట్ల మీద పడాల్సిన ఒత్తిడి ఇంప్లాంట్ మీద పడితే అక్కడినుంచి సిమెంటుకూ ఎముకకూ చేరుతుంది. అందుకే అలాంటి కీలుకు ఎముక లోపలికి పొడవాటి కడ్డీలు దింపుతారు, మరోసారి ఊడదీయాల్సి వస్తే అప్పటికి మిగిలే ఎముక ఇంకా తక్కువ. ఖాళీలు సరిచేసి, అవసరమైనంత మేరకే కట్టడి చేసే కీలును ఎంచుకోవడమే సబబు. దీన్ని వయసుతో కలిపి ఆలోచించాలి. ఇంగ్లండ్, వేల్స్ తదితర ప్రాంతాల జాతీయ కీళ్ల రిజిస్ట్రీ లెక్కలతో 2021లో లాన్సెట్ రుమటాలజీలో వచ్చిన అధ్యయనం ప్రకారం, మొదటి రివిజన్ అయినవారిలో ఐదింట ఒకరికి 13 ఏళ్లలోపు మరో రివిజన్ అవసరమైంది. రెండో రివిజన్ తర్వాత అదే నిష్పత్తికి చేరడానికి ఐదేళ్లే పట్టింది, మూడోదాని తర్వాత మూడేళ్లు. 55 ఏళ్ల మనిషి ఈ లెక్కలను చూసే తీరు వేరు, 78 ఏళ్ల మనిషి చూసే తీరు వేరు. చిన్న వయసులో తప్పు కారణానికి చేసిన రివిజన్ ఒక ఆపరేషన్‌తో ఆగదు, తర్వాతి వాటి ఆయుష్షునూ తినేస్తుంది.

ఇంగ్లండ్‌లో రివిజన్ కేసులను ప్రాంతాలవారీ నెట్‌వర్క్‌లలో పలువురు సర్జన్లు కలిసి చర్చించి, కష్టమైనవాటిని పెద్ద కేంద్రాలకు పంపే పద్ధతి ఏర్పడింది. అలాంటి ఏర్పాటు లేనిచోట రోగే రెండో అభిప్రాయం కోసం బయల్దేరాలి. ఆ కోరికతో వచ్చిన రోగిని నొచ్చుకోకుండా పంపడం మొదటి సర్జన్ ధర్మం. ఖర్చునూ ముందే లెక్కలో పెట్టుకోవాలి: మన దేశంలో 2017 ఆగస్టులో జాతీయ ఔషధ ధరల సంస్థ మోకాలి ఇంప్లాంట్ల ధరలకు పరిమితి పెట్టినప్పుడు రివిజన్ ఇంప్లాంట్‌కు జీఎస్టీ కాకుండా 1,13,950 రూపాయలు నిర్ణయించింది. ఆపరేషన్, ఆసుపత్రి ఖర్చులు దీనికి అదనం. రెండో అభిప్రాయానికి వెళ్లేవారు తీసుకెళ్లాల్సిన కాగితాల్లో విలువైనది మొదటి ఆపరేషన్ రికార్డులో అంటించే ఇంప్లాంట్ స్టిక్కర్ల నకలు. కంపెనీ, మోడల్, సైజు, బ్యాచ్ నంబరు అందులోనే ఉంటాయి. ఒక కంపెనీ పళ్లెంలో ఇంకో కంపెనీ పలక కూర్చోదు కాబట్టి, ఆ స్టిక్కర్లు లేకపోతే పలక ఒక్కటే మార్చే వీలున్న మోకాలికి కూడా మొత్తం కీలు ఊడదీయాల్సిన పరిస్థితి రావచ్చు. మొదటి మార్పిడి చేయించుకున్న ప్రతి ఒక్కరూ, మోకాలు ఎంత బాగున్నా, డిశ్చార్జి కాగితాలతోపాటు ఆ నకలు అడిగి తీసుకుని దాచుకోవాలి.