పేడ చెప్పు సాక్ష్యము

నోరులేని పశువు తన బాధను చెప్పుకొనజాలదు. కావున దానిలోని రోగము తెలియవలెనన్న సూది గ్రుచ్చి నెత్తురు తీయవలసినదే యని పలువురు తలంతురు. కొన్ని రోగములకు ఆ పరీక్ష తప్పదు. గాని దేహమును నొప్పింపకయే, అది విడిచిన దానినిబట్టి లోపలి సంగతి గ్రహించు మార్గమును కలదు.

అడవి మృగముల విషయమున నీ పద్ధతి మిక్కిలి యక్కఱకు వచ్చినది. పులికి మత్తుమందిచ్చి నెత్తురు తీయుట పులికిని మనుష్యునకును అపాయకరము. దాని మలములో ప్రేగుల లోపలిపొరనుండి రాలిన కణములుండును. వానియందలి డి.ఎన్.ఏ.ను పరీక్షించి, అది పులియో చిఱుతయో, ఆడదో మగదో నిర్ణయింపవచ్చును. హైదరాబాదునందలి సి.సి.ఎం.బి. వారి వన్యప్రాణి ప్రయోగశాలలో ఇట్టి పరీక్షలు జరుగుచున్నవి. మనుష్యుల విషయముననుగూడ, 2020వ సంవత్సరమున ఆ సంస్థవారును ఐ.ఐ.సి.టి. వారును హైదరాబాదు మురుగునీటిలో కరోనా జాడలు వెదకి, నగరమున వ్యాధి యెంత వ్యాపించినదో అంచనా కట్టిరి.

ఇదే సూత్రము మన దొడ్డిలోను పనికివచ్చును. గొఱ్ఱె చిక్కి, దవడ క్రింద నీరు దిగి, కనుఱెప్పల లోపలిభాగము పాలిపోయినచో మనము నట్టలని యనుమానించి, దొరకిన మందు త్రాపుదుము. అది నట్టయో, కార్జపు జలగయో తెలియదు. నట్టలకు వాడు మందులన్నియు జలగను చంపజాలవు. పదేపదే యూరక త్రాపినను, చాలీచాలని మోతాదు త్రాపినను, నట్టలు మందునకు లొంగని వగును. సొమ్మును పోవును, జీవమును పోవును.

పేడ పరీక్ష యీ సందేహమును తీర్చును. గొఱ్ఱె నెత్తురు పీల్చు నట్టలలో నొకజాతి ఆడపురుగు దినమునకు 5,000 గ్రుడ్లకు పైగా పెట్టగలదు. అవి పెంటికలతో బయటికి వచ్చును. చిక్కని యుప్పునీటిలో ఆ గ్రుడ్లు పైకి తేలును. జలగ గ్రుడ్లు బరువైనవి గనుక అడుగున చేరును. పశువైద్యుడు సూక్ష్మదర్శినితో చూచి రెంటిని గుర్తుపట్టును.

నమూనా తీయు విధము సులభము. పశువు అప్పుడే వేసిన పేడనే తీయవలెను. నేలను తాకిన భాగము పనికిరాదు. మట్టిలోని పురుగులు కలసి పరీక్షను తప్పుదారి పట్టించును. శుభ్రమైన డబ్బాలో నుంచి, పశువు గుర్తును తేదీని వ్రాసి, ఆనాడే వైద్యశాలకు పంపవలెను. ఆలస్యమగునెడల చల్లని చోట నుంచవలెను. వేడికి గ్రుడ్లు పొదగబడి పిల్లలగును. మందు త్రాపిన 14 దినములకు మరల పరీక్షించినచో నట్టల మందు పనిచేసినదో లేదో తేలును.

ఒక్క హెచ్చరిక. జలగ దేహమున ప్రవేశించిన పిదప సుమారు రెండు మూడు నెలలవఱకు గ్రుడ్లు పెట్టదు. కావున గ్రుడ్లు కానరాకున్నంత మాత్రమున రోగము లేదని నిశ్చింతగా నుండరాదు. పశువు చిక్కుచున్నచో వైద్యునికి చూపవలెను.

ఒక్కొక్క రైతు వేఱువేఱుగా పోవుట కష్టము. సంఘసభ్యులు ఒక దినము నేర్పఱచుకొని, గ్రామములోని నమూనాల నన్నిటిని ఒకరిచేత పంపినచో శ్రమయు వ్యయమును తగ్గును. మందు కొనుటకు ముందు పేడను పరీక్షింపించుట మన వాడుక కావలెను.