ఫైలు చుట్టూ తిరిగే సిరి

బొంబాయిలో ధనవంతుడు పొద్దున్నే లేచి షేర్ల ధరలు చూచుకుంటాడు. ఢిల్లీలో ధనవంతుడు ఏ శాఖకు ఎవరు కార్యదర్శిగా వచ్చారో చూచుకుంటాడు. ఇది అతిశయోక్తి అనుకునేవారు రాజధానిలో ఒక్క విందుకు హాజరయితే చాలు. ఇక్కడ సంపద సరుకులోంచి కాక, సంతకంలోంచి పుడుతుంది. అందువల్లనే కాబోలు, ఈ నగరంలోని కొత్త షావుకార్లను గురించి వచ్చిన మంచి నవలల్లో కథ ఎక్కడ మొదలయినా, ఎప్పుడో ఒకప్పుడు ఒక ప్రభుత్వ ఫైలు ముందుకు వచ్చి నిలబడుతుంది. అలాంటి మూడు నవలలను ఈ మధ్య వరుసగా మళ్ళీ చదివాను. ఆర్థిక విధానాలపై వెలువడే నివేదికలు చెప్పని కొన్ని సంగతులు వాటిలో ఉన్నాయి.

మొదటిది రూత్ ప్రావర్ ఝాబ్‌వాలా 1956లో ప్రకటించిన ‘ది నేచర్ ఆఫ్ పాషన్’. ఆమె జర్మనీలో పుట్టిన యూదు వనిత. పార్సీ వాస్తుశిల్పిని వివాహమాడి 1951లో ఢిల్లీకి వచ్చింది. ఆమె చూచిన ఢిల్లీ దేశవిభజన తర్వాతి ఢిల్లీ. 1941 జనాభా లెక్కల్లో తొమ్మిది లక్షల పైచిలుకు ఉన్న జనం 1951 నాటికి పదిహేడు లక్షలు దాటారు. పశ్చిమ పంజాబు నుంచి కట్టుబట్టలతో వచ్చినవారికి ఇళ్ళు కావాలి, బజార్లు కావాలి, కాలనీలు కావాలి. ఇవన్నీ కట్టటానికి కంట్రాక్టర్లు కావాలి. ఆమె నవలలోని లాలాజీ అలాంటి కంట్రాక్టరు. సర్వస్వం పోగొట్టుకుని వచ్చి, కొద్ది సంవత్సరాలలోనే లక్షలకు అధిపతి అయినాడు. లంచం అనే మాటకు అతని మనస్సులో చెడ్డ అర్థం లేదు. బండి చక్రానికి కందెన వంటిదే అతనికి అది.

లాలాజీ రెండవ కొడుకు ప్రభుత్వోద్యోగి. తండ్రి లంచమిచ్చిన వ్యవహారానికి సాక్ష్యంగా ఉన్న ఉత్తరమొకటి కొడుకు పని చేసే కార్యాలయం ఫైలులోనే ఉంటుంది. దానిని తీసి ఇవ్వమని తండ్రి అడగటం, కొడుకు భయపడటం – కథకు ఆయువుపట్టు ఇదే. కోడలి పాత్రను మాత్రం నేను మరచిపోలేను. అత్తవారింటి మోటుదనం, ఆ పంజాబీ గొంతుల గోల ఆమెకు ఏవగింపు. తమది సంస్కారవంతమైన అధికారి కుటుంబమని ఆమె అతిశయం. కాని ఆ సంస్కారానికి అయ్యే ఖర్చు మామగారి సంచిలోంచే రావాలి! అవినీతి డబ్బు రెండో తరంలో అభిరుచిగా మారే తీరును ఇంత నవ్వుతూ చెప్పిన రచన అరుదు. మన జిల్లాల్లో కాలువ పనులు చేసి మేడలు కట్టిన కంట్రాక్టర్లను ఎరిగిన తెలుగు పాఠకునికి లాలాజీ పరాయివాడుగా తోచడు.

రెండవది నయనతారా సెహగల్ రచించిన ‘రిచ్ లైక్ అస్’. 1985లో వెలువడింది. 1986లో సాహిత్య అకాడెమీ బహుమతి పొందింది. ఆ బహుమతిని ఆమె 2015లో తిరిగి ఇచ్చివేసింది. ఆమె విజయలక్ష్మీ పండిట్ కుమార్తె, ఇందిరాగాంధీకి మేనత్త బిడ్డ. అయినా ఎమర్జెన్సీని ఎదిరించినవారిలో ఒకరు. కథ 1975 నాటిది. సోనాలీ అనే అధికారిణి ‘హాపీయోలా’ అనే శీతలపానీయం తయారీకి విదేశీ భాగస్వామ్యాన్ని నిరాకరించి, పదవి పోగొట్టుకుంటుంది. ఆమె స్థానంలోకి వచ్చేవాడు ఆమె ఒకనాటి స్నేహితుడే. యౌవనంలో మార్క్సిజం మాట్లాడినవాడు. ఢిల్లీలో ఇటువంటివారిని ప్రతి దశాబ్దంలోనూ చూస్తున్నాము. నినాదం మారుతుంది, బంగళా మారదు.

1951 నాటి పరిశ్రమల చట్టం కింద ఏ వస్తువు ఎంత తయారు చేయాలో కూడా ప్రభుత్వమే నిర్ణయించేది. 1991లో చాలా పరిశ్రమలకు ఆ లైసెన్సులు రద్దయినాయి. ఆ నలభై సంవత్సరాలలో పైకి రాదలచినవాడు మంచి సరుకు తయారు చేయటం కన్న మంచి పరిచయం సంపాదించటం ముఖ్యమని నేర్చుకున్నాడు. ఎమర్జెన్సీ ఆ విద్యకు పత్రికల భయం కూడా లేకుండా చేసింది. సెహగల్ నవలలోని దేవ్, తండ్రి మంచాన పడగానే ఆయన సంతకాన్ని ఫోర్జరీ చేస్తాడు. ఇంటిలో చేసే మోసానికి, రాజ్యంలో జరిగే మోసానికి తేడా లేదని రచయిత్రి చెప్పకుండానే మనకు తెలుస్తుంది. ఒక్కటి మాత్రం నాకు నచ్చలేదు. ఐ.సి.యస్. తరం అధికారుల నిజాయితీపై ఆమెకున్న మమకారం కొంత ఎక్కువ. ఆ తరంవారు తెల్లదొరలకు కూడా అంతే శ్రద్ధతో ఫైళ్ళు నడిపినవారే గదా!

ఇక గుర్‌గాఁవ్. 1957లో ఢిల్లీ అభివృద్ధి సంస్థ ఏర్పడిన తర్వాత నగరంలో ప్రైవేటు కాలనీల వ్యాపారానికి తలుపులు మూసుకుపోయినాయి. గ్రేటర్ కైలాస్ వంటి కాలనీలు వేసిన డి.ఎల్.ఎఫ్. సంస్థ ఆ పిమ్మట హర్యానా పొలాల వైపు తిరిగింది. ఆ పొలాలలో లేచిన గాజు మేడల కథే అరవింద్ అడిగ 2008లో రాసి బుకర్ బహుమతి పొందిన ‘ది వైట్ టైగర్’. ఇక్కడ కథ చెప్పేవాడు డ్రైవరు బలరాం. గయ ప్రాంతపు పల్లె నుంచి వచ్చినవాడు. యజమాని పై అంతస్తులో, అతడు నేల కింద దోమల మధ్య. మంత్రులకు అందవలసిన డబ్బు సంచి కారులో అతని కళ్ళ ముందే వెళుతూంటుంది. చివరకు యజమానిని హత్య చేసి, ఏడు లక్షల రూపాయల సంచితో బెంగుళూరు పారిపోతాడు.

ఝాబ్‌వాలా కథను బయటి మనిషి చూచి చెప్పింది. సెహగల్ లోపలి అధికారిణి చేత చెప్పించింది. అడిగ దానిని డ్రైవరు నోట పెట్టినాడు. ఆ డ్రైవరు ఆలోచించే తీరు మాత్రం చదువుకున్న పత్రికా విలేఖరిది. అడిగ పాత్రికేయుడే కూడాను. ఆ గొంతు బీహారు పల్లెదని నేను నమ్మలేకపోయాను. 1982 ఆసియా క్రీడల కోసం రాళ్ళు మోసిన కూలీలకు కనీస వేతనం కూడా ఇవ్వకపోవటం నిర్బంధ శ్రమేనని సుప్రీంకోర్టు అదే సంవత్సరం తీర్పు చెప్పింది. ఢిల్లీకి మేడలు, స్టేడియంలు, వంతెనలు వచ్చిన ఆ రోజుల కథను ఆ కూలీల వైపునుంచి చెప్పే మనిషి ఈ మూడు నవలల్లోనూ లేడు.

అయినా అడిగ ఒక విషయంలో పాఠకుణ్ణి మోసగించలేదు. యజమాని భార్య కారు నడిపి ఎవరినో తొక్కించినప్పుడు, నేరం తనదేనని బలరాం చేత సంతకం పెట్టిస్తారు. తరువాత బెంగుళూరులో అతడే కార్ల యజమాని. పోటీదారులను దెబ్బ తీయటానికి పోలీసు అధికారికి డబ్బు ముట్టజెప్పటంతోనే అతని వ్యాపారం నిలదొక్కుకుంటుంది. అతని కారు కింద సైకిలు మీద పోయే కుర్రవాడు పడి చనిపోతాడు. బలరాం తన డ్రైవరు చేత సంతకం పెట్టించడు. కుర్రవాడి ఇంటికి తానే వెళ్ళి డబ్బు ఇస్తాడు. పోలీసు స్టేషనుకు కూడా వెళతాడు. అక్కడ అతనికి కుర్చీ వేస్తారు.